మోటారు గూడుబండిలో మేమిద్దరం
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి బస్సులో వెళ్లినవాళ్లకు ఏర్పేడు కూడలి తెలిసే వుంటుంది. అక్కణ్ణించి ఒక దారి కాళహస్తికి, ఒకటి వెంకటగిరికి, ఒకటి రేణిగుంట మీదుగా తిరుపతికి. 1926లో మలయాళ స్వామి స్థాపించిన వ్యాసాశ్రమం వల్ల పాతతరం వాళ్లకూ, ఐఐటీ వల్ల ఇప్పటి పిల్లలకూ మా ఊరి పేరు తెలుసు. ఆ కూడలికి దగ్గర్లోనే మా ఇల్లు. వాకిట్లో ఒక పాత వ్యాను నిలబడి వుంటుంది. దాని కిటికీలకు పూల తెరలు, లోపల ఒక మంచం, మూలన గ్యాసు పొయ్యి, పైకప్పు మీద సోలారు పలక. క్యాంపర్ వ్యాను అంటారు దీన్ని.

మొదట్లో చూసినవాళ్లంతా నవ్వేవారు. పక్కింటి వదినైతే మొహం మీదే అడిగేసింది. "బంగారంలాంటి ఇల్లు పెట్టుకుని రోడ్డు మీద కాపురమేంటి వదినా?" అని. ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి నా ప్రసంగమనుకోండి. అయితే ముందుగానే ఒక మాట చెప్పేస్తాను. ఈ చక్రాల ఇంట్లో ఎన్ని సౌకర్యాలున్నా, వంట ఆమెది, బండి ఆయనది అని పంచుకుంటే ప్రయాణం సాగదు. ఇద్దరికీ రెండు పనులూ వచ్చి వుండాలి. మేము ఇది కష్టపడి నేర్చుకున్నాం. మీకు ఆ కష్టం తప్పిద్దామనే నా ఆశ.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. మన అవ్వల కాలంలో తిరునాళ్లకు గూడుబండి కట్టుకుని వెళ్లేవారు కదూ! చెరువుగట్టున ఎద్దుల్ని విప్పి, మూడు రాళ్లు పెట్టి, ఎసరు పెట్టి, రాత్రికి బండిలోనే పడుకునేవారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి, మన తిరుపతి మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పల్లకీలు, డేరాలు, దాదాపు వందమంది పరివారం వెంట వుండేవారు. ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి అన్నది ఆయన తన 'కాశీయాత్ర చరిత్ర'లో రాసుకుంటూ పోయారు. ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు 1885లో గుర్రాలు లాగే ఇల్లు ఒకటి చేయించుకుని దేశమంతా తిరిగాడు. జర్మనీలో 1950లో ఫోక్స్‌వాగన్ వ్యాను వచ్చాక, దానిలో పడక, బీరువా అమర్చి అమ్మడం మొదలైంది. మన పక్కన కేరళ ప్రభుత్వం 2021లో ఇటువంటి బండ్ల కోసం ఒక విధానమే తెచ్చింది.

ఇదంతా చదివినప్పుడు నాకు తట్టిన సంగతి ఒకటుంది. వీరాస్వామయ్యగారి వెంట వందమంది. ఆ వైద్యుడి వెంట బండి తోలేవాడొకడు, సేవకుడొకడు. మరి మా వ్యానులోనో? నేనూ, మా ఆయనా. వంటవాడూ మేమే, బండివాడూ మేమే, అంట్లు తోమేదీ మేమే. అసలు చిక్కు అక్కడుంది.

మా ఆయన మోటారు పని తెలిసినవారు. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. ఒకరోజు ఆయన బడిపిల్లల్ని తిప్పిన పాత వ్యాను ఒకటి కొనుక్కొచ్చారు. నాలుగు నెలలు దాంతోనే కుస్తీ. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బండి మనదే కదా అని సీట్లు పీకేసి మంచం బిగించకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, బండి రూపం మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి కావాలి. ఆ మార్పును ఆర్.సి. పుస్తకంలోకి ఎక్కించుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్లకూ తెలియజేయాలి. లేకపోతే రేపు ఏదైనా జరిగితే పరిహారం దగ్గర పేచీ వస్తుంది.

మొదటి ప్రయాణం నేలపట్టుకు. శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి సూళ్లూరుపేట వైపు వెళ్తే వస్తుంది. చలికాలంలో అక్కడ చెరువు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్ పక్షులు, గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. దగ్గర్లోనే పులికాట్ సరస్సు. మన దేశపు ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత ఇదే పెద్దది. ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడతాయి. ఎంత అందమో అని మా ఆయన వచ్చినవాళ్లందరికీ వర్ణించి వర్ణించి చెప్పారు. నిజం చెప్పొద్దూ, నేను సగం కూడా చూడలేదు. తెల్లారి కాఫీ, తర్వాత ఉప్మా, అంట్లు, మధ్యాహ్నానికి అన్నం, పులుసు, మళ్లీ అంట్లు. ఆయన దుర్భిణీ పట్టుకుని గట్టు మీద నిలబడితే, నేను వ్యానులో నడుం వంచుకుని ఎర్రగడ్డలు తరిగాను. మూడోరోజు ఇల్లు చేరాక "ఎలా వుందే మన యాత్ర?" అని ఆయన అడిగారు. "మీకు యాత్ర. నాకు వంటిల్లు ఇరుకైంది, అంతే" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఒక కాగితం తెచ్చి, "పనులన్నీ చెప్పు, రాస్తాను" అన్నారు. ఇరవై రెండు పనులు తేలాయి. అందులో బండి తోలడం ఒక్కటి. అది చూశాక ఆయనకే సిగ్గేసింది.

ఆ కాగితంలోంచే కొన్ని ముఖ్యమైనవి మీకు వివరిస్తాను.

మొదటిది నీళ్లు. ఇంట్లో కొళాయి తిప్పితే వస్తాయి కాబట్టి మనం లెక్క పెట్టం. బండిలో ప్రతి చెంబుకూ లెక్కే. ఇద్దరికీ కలిపి రోజుకు తాగడానికి ఎనిమిది లీటర్లు, వంటకు అయిదు, అంట్లకు ఏడు, కాళ్లూ మొహం కడుక్కోవడానికి అయిదు, తలా అరబక్కెట చొప్పున స్నానానికి ఇరవై. మొత్తం నలభై అయిదు. 2019లో మొదలైన జలజీవన్ పథకంలో పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అని లెక్క పెట్టుకున్నారు. అంటే మేమిద్దరం ఒక్కరి నీళ్లకన్నా తక్కువతో సరిపెట్టుకుంటాం. లీటరు నీళ్లు కిలో బరువు. మా తొట్టి అరవై లీటర్లు, క్యాను ఇరవై. ఎనభై కిలోలన్నమాట, ఇంకో మనిషి కూర్చున్నట్టే. ఆ బరువును బండి అడుగున, మధ్యలో వుంచాలి. పైన పెడితే మలుపుల్లో బండి తూగుతుంది. కంచాలను ముందు పాత కాగితంతో తుడిచి ఆ తర్వాత కడిగితే నీళ్లు సగం ఆదా. విస్తరాకులైతే ఇంకా మేలు.

ఒకసారి నీళ్ల పని ఆయన వంతు. మట్టి అంటిందని రెండు బక్కెట్లు పోసి చక్రాలు కడిగేశారు. రాత్రికి అన్నం వండటానికి నీళ్లు లేవు. బొరుగులు, చెనిక్కాయలు తిని పడుకున్నాం. ఆ తర్వాత నీళ్ల సంగతి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండోది గ్యాసు. బండిలోకి అయిదు కిలోల చిన్న సిలిండరు చాలు. వంట గ్యాసు గాలికన్నా బరువైనది. కారితే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. అందుకే సిలిండరు పెట్టిన చోట నేలకు కన్నాలు వుండాలి. బండి కదిలేముందు రెగ్యులేటరు కట్టేశామా లేదా అని ఇద్దరిలో ఒకరు పైకి అని, రెండోవారు చూడాలి. వీలైనంతవరకు వంట బయటే, వెనుక తలుపు తీసిపెట్టి చేసుకోండి. చలిగా వుందని బొగ్గుల కుంపటిని మూసిన బండిలో పెట్టుకుని మాత్రం ఎన్నడూ పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన వుండదు, పొగ కనిపించదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మూడోది కరెంటు. ఇంటి బిల్లులో యూనిట్లు చూస్తాం కదా, అదే లెక్క ఇక్కడా. పన్నెండు వోల్టుల, వంద ఆంపియర్‌-అవర్ బ్యాటరీలో యూనిట్టుకు కాస్త పైన కరెంటు వుంటుంది. మామూలు యాసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి, పూర్తిగా పిండితే తొందరగా పాడవుతుంది. చిన్న ఫ్యాను రాత్రంతా తిరిగినా, రెండు దీపాలు నాలుగు గంటలు వెలిగినా, సెల్‌ఫోన్లకు చార్జింగు పెట్టినా పావు యూనిట్టు దాటదు. అదే ఇండక్షన్ పొయ్యి పెట్టారా, పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆ సగమూ ఖాళీ. సోలారు పలక వుంది కదా అని ధీమా పనికిరాదు. మబ్బు పట్టిన రోజున అదీ మనలాగే విశ్రాంతి తీసుకుంటుంది.

ఇక నాలుగోది. రేడియోలో చెప్పడానికి మొహమాటంగా వున్నా ఆడవాళ్లకు అసలు ఇదే ముఖ్యం. మరుగుదొడ్డి. చాలామంది మన ఆడవాళ్లు ప్రయాణమంటే పొద్దున్నించి నీళ్లు తాగడం మానేస్తారు. అది తప్పమ్మా. మూత్రంలో మంట, జ్వరం కొనితెచ్చుకున్నట్టే. నీళ్లు తాగండి. పెట్రోలు బంకు కనబడితే అవసరం వున్నా లేకపోయినా ఒకసారి దిగి రండి. బండిలో పెట్టుకునే చిన్న మరుగుపెట్టెలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పైన ఆసనం, కింద మూత బిగించే డబ్బా. దాన్ని మళ్లీ మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి గాని కాలవలోనో, చెరువు పక్కనో పోయకూడదు. ఏ దారీ లేక బయటికి వెళ్లాల్సి వస్తే, నీళ్లకు డెబ్బై అడుగులేసి దూరంగా, జానెడు లోతు గుంట తవ్వి, తర్వాత మట్టి కప్పాలి. ఆ నీళ్లే మరో ఊరివాళ్లు తాగుతారు. ఈ డబ్బా ఖాళీ చేసే పని మా ఇంట్లో ఒకరోజు ఆయనది, ఒకరోజు నాది. ఇందులో వాదులాట లేదు.

రాత్రి మకాం విషయం. చీకటి పడకముందే చోటు చూసుకోవాలి. పెట్రోలు బంకు, గుడి బండ్లు నిలిపే చోటు, తెలిసినవాళ్ల దొడ్డి, ఇవి మంచివి. ఎక్కడైనా అడిగి, ఒప్పుకున్నాకే ఆగాలి. బండి మొహం బయటికి పోయే దారివైపు వుండాలి. ఏ ఊళ్లో వున్నామో ఇంట్లో ఒకరికి ఫోన్లో చెప్పాలి.

నదిగర్భంలో మాత్రం ఎప్పుడూ ఆగవద్దు. మన స్వర్ణముఖి ఏడాదిలో చాలా కాలం ఇసుకే కదా! తెల్లటి ఇసుక, వెన్నెల, చల్లగాలి. ఒక కార్తీకమాసం సాయంత్రం మా ఆయనకు అక్కడే ఆగాలనిపించింది. నాకెందుకో మనసొప్పలేదు. మన ప్రాంతానికి పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. ఇక్కడ చుక్క పడకపోయినా ఎగువ కొండల్లో కురిస్తే చాలు, ఏరు వచ్చేస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు పారినప్పుడు ఇదే స్వర్ణముఖి పొంగి ఎంత నష్టం చేసిందో మనం చూశాం. "మీరు కావాలంటే వుండండి, నేను గట్టు మీద పడుకుంటాను" అన్నాను. గొణుక్కుంటూనే బండి పైకి తెచ్చారు. తెల్లారి చూస్తే మేము ఆగుదామనుకున్న చోట మోకాలి లోతు ఎర్రనీళ్లు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు. మకాం చోటు ఇద్దరిలో ఒక్కరికి నచ్చకపోయినా అక్కడ ఆగం. కారణం చెప్పనక్కర్లేదు.

అడవి సంగతి కూడా చెప్పాలి. తలకోన జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. నెరబైలు దాటి, శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో వుంది. అక్కడ మనిష్టం వచ్చిన చోట బండి ఆపి పొయ్యి వెలిగిస్తే నేరమవుతుంది. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే అడవి. రాత్రి వుండాలంటే అనుమతి తీసుకుని వసతి గృహంలోనే వుండాలి. మేము పగలు చూసుకుని, సాయంత్రానికి ఊళ్లోకి వచ్చి ఒకరి కళ్లం పక్కన పడుకున్నాం. ఇంకో మాట. ఎర్రచందనం లోకం మొత్తం మీద సహజంగా పెరిగేది మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. బాగుందని ఒక్క పుల్ల కూడా ఏరి బండిలో వేసుకోవద్దు. చెక్‌పోస్టులో తనిఖీ చేస్తారు. కోతులకు తిండి పెట్టవద్దు. పెడితే రేపు వచ్చే వాళ్ల సంచులు లాక్కుంటాయి.

ఇప్పుడు నా జీవితంలో పెద్ద మార్పు తెచ్చిన ప్రయాణం చెబుతాను. మదనపల్లె దగ్గర హార్సిలీ కొండకు వెళ్లాం. నాలుగు వేల అడుగులకు పైనున్న కొండ. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్సిలీ అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అంతకుముందు ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. మొదటి రోజు హాయిగా గడిచింది. చలిలో వేడివేడి రాగి సంగటి ఆయనే కెలికారు, ఉండలు కట్టినా తిన్నాం. రెండోరోజు తెల్లవారుజామున ఆయనకు నడుం పట్టేసింది. లేవలేరు, కూర్చోలేరు. ఒళ్లు కాలిపోతోంది. పక్కనే బండి వుంది, తాళం నా చేతిలో వుంది, డీజిలు నిండుగా వుంది. నాకు తోలడం రాదు! పాతికేళ్లు ఆయన పక్క సీట్లో కూర్చున్నదాన్ని, క్లచ్చు ఏదో బ్రేకు ఏదో తెలియదు. ఆ రెండు గంటలు నేను పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. చివరికి విహారానికి వచ్చిన ఒక మాస్టారు తన కుటుంబాన్ని పైనే వుంచి, మా బండిని కిందికి తెచ్చి ఆసుపత్రిలో దింపి వెళ్లారు. వారి మేలు మరిచిపోలేను.

ఆయన కోలుకున్నాక నేను చెప్పిన మొదటి మాట, "నాకు బండి నేర్పండి" అని. మా అత్తయ్య నవ్వారు, "ఈ వయసులోనా?" అని. నాకప్పుడు నలభై నాలుగు. పదో తరగతి చదువుతో పరీక్ష గట్టెక్కుతానా అని నాకూ భయమే. రోడ్డు గుర్తుల పుస్తకం వంటింట్లో పెట్టుకుని చదివాను. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న ముప్ఫై రోజులు గడిచాకే అసలు పరీక్షకు వెళ్లవచ్చు. ఆ ముప్ఫై రోజులూ ప్రతి ఉదయం ఖాళీ రోడ్డు మీద సాధన చేశాను. మొదటిసారి పరీక్షలో తప్పాను. రెండోసారి లైసెన్సు చేతికి వచ్చింది. ఘాటు రోడ్డు కిటుకు కూడా నేర్చుకున్నాను. ఏ గేరులో ఎక్కుతామో దాదాపు అదే గేరులో దిగాలి. అస్తమానం బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

అక్కలూ, చెల్లెళ్లూ! వ్యాను కొనమని నేను అనడం లేదు. అద్దెకు తీసుకోవచ్చు. మామూలు కారులో ఒక పరుపు, క్యాను నీళ్లు పెట్టుకుని కూడా మొదలుపెట్టవచ్చు. మొదటిసారి దగ్గరికి, ఒక్క రాత్రికే వెళ్లండి. వేసవిలో మన ఎండలకు బండి పెనంలా కాలుతుంది, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. మందుల పెట్టె, దోమతెర, టార్చిలైటు, తాడు, అదనపు చక్రం మరవద్దు. బయల్దేరే ముందు కాగితం మీద పనులన్నీ రాయండి. సగం ఆయన పేరున, సగం మీ పేరున. మర్నాడు తారుమారు చేయండి. ఆ కాగితం మీద ఇద్దరూ ఒప్పుకోకపోతే బండి కదిలించవద్దు. మన ఇంటి పని ఎంతో మగవాళ్లకు తెలియకపోవడం వాళ్ల తప్పొక్కటే కాదు, మనం ఎన్నడూ లెక్క కట్టి చూపించలేదు. బండి పని మనకు రాకపోవడమూ అంతే. మనం ఎన్నడూ తాళం అడగలేదు.

లైసెన్సు వచ్చాక నేను తోలిన మొదటి ప్రయాణం గుడిమల్లానికి. మా ఏర్పేడు మండలంలోనే, పాపానాయుడుపేట మీదుగా వెళ్లాలి. అక్కడి పరశురామేశ్వరుడి లింగం అయిదడుగుల ఎత్తు, దాని మీద నిలబడిన శివుడి రూపం. క్రీస్తు పుట్టక ముందు నాటిదని చాలామంది పండితులు చెబుతారు. అంత పాత దేవుడి వాకిట్లో కొత్త డ్రైవరును నేను! చేతులు వణికాయి గాని బండిని సరిగ్గానే నిలిపాను. మా ఆయన ఆ ఉదయం తానే కలిపిన పులిహోర డబ్బా తీశారు. చెట్టు నీడన కూర్చుని తిన్నాం. ఉప్పు తక్కువైంది. నేనేమీ అనలేదు. దారిలో గేరు మార్చడంలో నేను రెండుసార్లు తడబడ్డప్పుడు ఆయనా ఏమీ అనలేదు.

వచ్చే నెల మళ్లీ నేలపట్టుకు వెళ్తున్నాం. ఈసారి గూడబాతుల్ని నేను కూడా తీరిగ్గా చూస్తాను.